మాయ ముందే చెప్పే కబురు
(మహిళా సంఘం సమావేశంలో చదివిన ప్రసంగ పాఠం)

కాన్పు అంటే ఆడదానికి మరో జన్మ అంటారు పెద్దలు. ఈరోజు మాట ఆ కాన్పుకు ముందు వచ్చే ఒక జబ్బు గురించి. అది చప్పుడు చేయకుండా వస్తుంది. దాని కబురు ముందే అందితే తల్లినీ బిడ్డనీ కాపాడుకోవచ్చు. ఆలస్యమైతే ఇద్దరికీ ముప్పే.

ముందు ఒక ఇంటిని మనసులో ఊహించుకోండి.

ఆ ఇంటి కోడలికి తొలి చూలు. ఎనిమిదో నెల వచ్చింది. సీమంతానికి వేసిన గాజులు మొన్నటిదాకా చేతికి వదులుగా ఆడేవి. ఇవాళ పొద్దున లేచేసరికి బిగుసుకుపోయాయి. ముఖం ఉబ్బింది.

"అత్తమ్మా, తల పగిలిపోతోంది. కళ్ళ ముందు మిణుగురు పురుగులు ఎగిరినట్టు ఉంది" అంది కోడలు.

"కడుపుతో ఉన్నప్పుడు నీరు దిగడం మామూలేనమ్మా. నాకూ దిగింది. కాసేపు పడుకో, అదే తగ్గిపోద్ది" అంది అత్త.

పక్కింటావిడ తొంగి చూసింది. "దిష్టి తగిలిందేమో వదినా. ఎర్రనీళ్ళు తియ్యి" అంది.

అత్త చెడ్డది కాదు. పక్కింటావిడా చెడ్డది కాదు. తమకు తెలిసింది చెప్పారు. కోడలి మంచిని కోరే చెప్పారు.

అదృష్టం బాగుండి ఆ పూట నర్సమ్మ ఆ వీధికి వచ్చింది. కోడలి ముఖం చూసింది. చేతికి పట్టీ చుట్టి బి.పి. చూసింది. 160 మీద 110 ఉంది.

"పెద్దమ్మా, 108కి ఫోను చెయ్యండి. ఇప్పుడే ఆసుపత్రికి పోవాలి. ఒక్క గంట కూడా ఆగొద్దు" అంది నర్సమ్మ.

అత్త కంగారు పడింది. "నిన్నటిదాకా బాగానే ఉందమ్మా! ఒక్క రాత్రిలో ఏం ముంచుకొచ్చింది?" అని అడిగింది.

ఈ ప్రసంగం అంతా ఆ ప్రశ్నకు జవాబే. నిజానికి ఆ జబ్బు ఒక్క రాత్రిలో రాలేదు. నెలల ముందే మొదలైంది. లోపల జరిగేది బయటికి కనపడలేదు, అంతే.

జబ్బు ఏమిటి?

దీన్ని డాక్టర్లు ప్రీ ఎక్లాంప్సియా అంటారు. గర్భం వచ్చిన 20 వారాల తర్వాత, అంటే అయిదో నెల దాటాక వస్తుంది. బి.పి. 140 మీద 90కి చేరుతుంది. ఇంకా పెరుగుతుంది. చాలామందికి మూత్రంలో మాంసకృత్తులు, అంటే ప్రొటీను పోతుంది. కొందరికి కాలేయం, మూత్రపిండాలు దెబ్బతింటాయి. ముదిరితే ఫిట్స్ వస్తాయి. ఆ ఫిట్స్‌నే పెద్దవాళ్ళు గుర్రపు వాతం అంటారు.

వందమంది గర్భిణుల్లో ముగ్గురి నుంచి ఎనిమిది మంది వరకు ఈ జబ్బు వస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ఏటా సుమారు 46 వేల మంది తల్లులు దీనితో చనిపోతున్నారు. ఆ తల్లుల్లో ఎక్కువమంది పేద దేశాల వాళ్ళు. అక్కడ జబ్బు సంగతి ఆలస్యంగా తెలుస్తుంది.

జబ్బు ఎక్కడ పుడుతుంది?

ఇది తల్లి తలలో పుట్టదు. గుండెలోనూ పుట్టదు. మాయలో పుడుతుంది.

కాన్పు అయ్యాక బిడ్డ వెనకాలే మాయ పడుతుంది. కొందరు మావి అంటారు. మీలో చాలామంది చూసే ఉంటారు. జొన్నరొట్టెలా గుండ్రంగా ఉంటుంది. ఎర్రగా, మెత్తగా, అరకిలో దాకా బరువు ఉంటుంది. కాన్పయ్యాక దాన్ని పాతిపెడతారు. తొమ్మిది నెలలు బిడ్డను సాకింది అదే. తిండి, నీరు, ప్రాణవాయువు అన్నీ తల్లి రక్తం నుంచి తీసి బిడ్డకు అందించింది అదే.

దానికి రక్తం బాగా అందాలి. ఎలా అందుతుంది?

చెరువు నుంచి పొలానికి నీళ్ళు పారాలంటే కాలువ వెడల్పుగా ఉండాలి. కాలువ ఇరుకైతే చివరి మడి ఎండిపోతుంది. గర్భసంచిలోనూ అంతే. తొలి నెలల్లో మాయ నుంచి వచ్చే కణాలు గర్భసంచి గోడలోకి వెళతాయి. అక్కడి తల్లి రక్తనాళాలను తవ్వి వెడల్పు చేస్తాయి. సన్నని నాళం పెద్ద కాలువ అవుతుంది. బిడ్డ పెరిగేకొద్దీ రక్తం ధారాళంగా వస్తుంది.

కొందరిలో ఈ పని సగంలో ఆగిపోతుంది. కాలువ ఇరుకుగానే ఉండిపోతుంది. నెలలు తక్కువ ఉండగానే వచ్చే జబ్బులో ఇది మరీ ఎక్కువ. బిడ్డ చిన్నగా ఉన్నప్పుడు ఆ కాస్త రక్తమే సరిపోతుంది. బిడ్డ పెరిగాక చాలదు. మాయకు ఊపిరాడదు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పుకోవాలి. ఇది తల్లి తప్పు కాదు. ఆమె తొక్కినదీ, దాటినదీ, తిన్నదీ దీనికి కారణం కాదు. గ్రహణం కాదు. దిష్టి కాదు. ఆ కోడల్ని ఎవరూ ఒక్క మాట కూడా అనకూడదు.

రెండు పదార్థాల కథ

మాయ రక్తంలోకి కొన్ని పదార్థాలు వదులుతుంది. వాటిలో రెండింటి పేర్లు తెలుసుకోండి.

మొదటిది పి.ఎల్.జి.ఎఫ్. ఇది మంచి పని చేస్తుంది. రక్తనాళాలు పెరగడానికి సాయపడుతుంది. తల్లి రక్తనాళాలను మెత్తగా, సాగేటట్టు ఉంచుతుంది. దీన్ని పెంచే పదార్థం అనుకోండి.

రెండోది ఎస్-ఫ్లిట్-1. ఇది మొదటిదాన్ని పట్టి కట్టేస్తుంది. దీన్ని అడ్డే పదార్థం అనుకోండి.

సంతకు కూరగాయలు తీసుకుపోయే అక్కలకు ఈ సంగతి సులువుగా అర్థమవుతుంది. తెల్లవారుజామున బుట్టలు నెత్తిన పెట్టుకొని బయలుదేరతారు. ఊరి పొలిమేరలో దళారీలు కాపు కాస్తారు. వచ్చిన బుట్ట వచ్చినట్టే పట్టేస్తారు. ఒకరిద్దరు దళారీలుంటే కొన్ని బుట్టలైనా సంతకు చేరతాయి. పాతికమంది ఉంటే ఒక్క బుట్టా చేరదు. సంత వెలవెలబోతుంది.

ఎస్-ఫ్లిట్-1 ఆ దళారీ లాంటిది. మామూలు గర్భంలోనూ అది కొంత ఉంటుంది. నెలలు నిండేకొద్దీ కొంత పెరుగుతుంది కూడా. కానీ ఊపిరాడని మాయ దాన్ని మరీ ఎక్కువగా వదులుతుంది. అప్పుడు పెంచే పదార్థం తల్లి రక్తనాళాలకు అందదు. నాళాలు బిగుసుకుంటాయి. అందుకే బి.పి. పెరుగుతుంది. మూత్రపిండాల్లో జల్లెడ దెబ్బతింటుంది. అందుకే మూత్రంలో ప్రొటీను పోతుంది. మెదడులో నాళాలు దెబ్బతింటాయి. అందుకే తలపోటు, కళ్ళు మసకలు, ఫిట్స్.

మొదలు మాయలో. బాధ ఒళ్ళంతా.

ఈ సంగతి ఎలా తెలిసింది?

వందల ఏళ్ళుగా డాక్టర్లకు ఫిట్స్ తెలుసు. బి.పి. తెలుసు. మాయ బయటికి వచ్చాక జబ్బు తగ్గుతుందనీ తెలుసు. కానీ మాయ ఏం చేసి తల్లిని ఇలా పాడు చేస్తోందో తెలియలేదు.

అమెరికాలో బోస్టన్ అనే నగరం ఉంది. అక్కడ అనంత్ కరుమంచి అనే డాక్టరు, ఆయన తోటివాళ్ళు పరిశోధన చేశారు. ఆయన భారతదేశంలో వైద్యం చదువుకొని వెళ్ళిన మూత్రపిండాల డాక్టరు. జబ్బు వచ్చిన తల్లుల మాయలో, రక్తంలో ఎస్-ఫ్లిట్-1 చాలా ఎక్కువగా ఉందని వాళ్ళు కనిపెట్టారు. ఆ పదార్థం చూలు ఎలుకల ఒంట్లో ఎక్కువయ్యేటట్టు చేసి చూశారు. ఎలుకలకు బి.పి. పెరిగింది. మూత్రంలో ప్రొటీను పోయింది. ఈ సంగతి 2003లో ప్రకటించారు.

మరుసటి ఏడు, 2004లో, ఇంకో ముఖ్యమైన సంగతి బయటపడింది. అంతకు పదేళ్ళ ముందు అమెరికాలో గర్భిణుల మీద కాల్షియం మాత్రల పరీక్ష జరిగింది. అప్పుడు తీసిన రక్తాన్ని గడ్డకట్టించి దాచిపెట్టారు. ఆ సీసాలను మళ్ళీ తీసి చూశారు. ఎవరికి జబ్బు వచ్చిందో, ఎవరికి రాలేదో అప్పటికే తెలుసు. జబ్బు వచ్చిన తల్లుల రక్తంలో అడ్డే పదార్థం సుమారు అయిదు వారాల ముందు నుంచే బాగా పెరిగింది. పెంచే పదార్థం అంతకు ముందు నుంచే తక్కువగా ఉంది.

అంటే ఏమిటి? గాజులు బిగుసుకోక ముందే, తలనొప్పి రాక ముందే, మాయ కబురు పంపింది. ఆ కబురు తల్లి రక్తంలోనే ఉంది. చదివేవాళ్ళు లేకపోయారు.

రక్తపరీక్ష ఏం చెబుతుంది?

ఇప్పుడు ఆ కబురు చదివే పరీక్ష వచ్చింది. తల్లి చేతి నుంచి కాస్త రక్తం తీస్తారు. రెండు పదార్థాలూ కొలుస్తారు. మంచిదానికి అడ్డేది ఎన్ని రెట్లు ఉందో లెక్క కడతారు.

2016లో ఒక పెద్ద పరిశోధన ఫలితం వచ్చింది. జబ్బు వచ్చిందేమో అని అనుమానం ఉన్న గర్భిణులకు ఈ పరీక్ష చేశారు. ఆ లెక్క 38 గానీ అంతకు తక్కువ గానీ వస్తే, వచ్చే వారం రోజుల్లో జబ్బు రావడం చాలా అరుదు. అలాంటి వెయ్యిమందిలో సుమారు 993 మందికి ఆ వారంలో రాలేదు. 38 దాటినవాళ్ళలో నాలుగు వారాల్లోపు వందకు సుమారు 37 మందికి జబ్బు వచ్చింది.

ఈ రెండు మాటలూ సరిగా అర్థం చేసుకోవాలి. తక్కువ వస్తే ఈ వారానికి గండం లేనట్టే. కానీ మళ్ళీ చూపించుకోవడం మానకూడదు. ఎక్కువ వస్తే జబ్బు తప్పక వస్తుందని కాదు. కన్ను వేసి ఉంచాలని.

2019లో బ్రిటన్ నుంచి మరో ఫలితం వచ్చింది. అక్కడ 11 ఆసుపత్రుల్లో వెయ్యిమందికి పైగా గర్భిణులకు పి.ఎల్.జి.ఎఫ్. పరీక్ష చేశారు. మొదట కొన్నాళ్ళు ఆ ఫలితాన్ని డాక్టర్లకు చూపలేదు. తర్వాత చూపారు. చూపనప్పుడు జబ్బును తేల్చడానికి నాలుగు రోజుల పైన పట్టేది. చూపాక రెండు రోజుల లోపే తేలింది. తల్లులకు వచ్చే పెద్ద ప్రమాదాలు తగ్గాయి. పిల్లల విషయంలో మాత్రం తేడా కనపడలేదు.

రెండు రోజులంటే కొంచెమేనా? ఫిట్స్ రావడానికి రెండు నిమిషాలు చాలు. తల్లికి ఆ రెండు రోజులు ఎంతో విలువైనవి.

బ్రిటన్, అమెరికా ఆసుపత్రుల్లో ఈ పరీక్ష చేస్తున్నారు. అమెరికా ప్రభుత్వం 2023లో దీనికి అనుమతి ఇచ్చింది. మన దేశంలో పెద్ద పట్టణాల్లోని కొన్ని ఆసుపత్రుల్లో, ల్యాబుల్లో ఉంది. పల్లెలోని సబ్ సెంటరులో లేదు.

ముందే తెలిస్తే ఏం చేస్తారు?

జబ్బు పూర్తిగా పోవాలంటే బిడ్డ, మాయ బయటికి రావాలి. వేరే దారి లేదు. అయినా ముందే తెలిస్తే చేయగలిగినవి చాలా ఉన్నాయి.

బి.పి. తగ్గించే మందులు ఇస్తారు. నెలలు తక్కువగా ఉంటే బిడ్డ ఊపిరితిత్తులు గట్టిపడడానికి తల్లికి సూది వేస్తారు. పిల్లల డాక్టరు ఉన్న ఆసుపత్రికి వేళ మించకుండా చేరుస్తారు. ఫిట్స్ రాకుండా మెగ్నీషియం సల్ఫేట్ అనే మందు ఇస్తారు. అది చవకైన మందు. 33 దేశాల్లో పదివేల మందికి పైగా తల్లుల మీద దాన్ని పరీక్షించి 2002లో ఫలితం చెప్పారు. ఆ మందు ఫిట్స్ ముప్పును సగానికి పైగా తగ్గించింది.

ఇంకొకటి ఉంది. 2017లో యూరపు ఆసుపత్రుల నుంచి ఒక ఫలితం వచ్చింది. మూడో నెలలోనే రక్తంలో పి.ఎల్.జి.ఎఫ్., బి.పి., స్కానింగు మూడూ కలిపి చూశారు. ముప్పు ఎక్కువ ఉన్నవాళ్ళను గుర్తించారు. వాళ్ళలో సగంమందికి రోజూ రాత్రి 150 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ ఇచ్చారు. మిగతా సగంమందికి మందు లేని మాత్ర ఇచ్చారు. మందు లేని మాత్ర వేసుకున్న వందమందిలో నలుగురికి పైగా నెలలు నిండక ముందే జబ్బు వచ్చింది. ఆస్పిరిన్ వేసుకున్న వందమందిలో ఇద్దరికి కూడా రాలేదు. అయితే డాక్టరు చెప్పకుండా ఎవరూ ఈ మాత్ర వేసుకోకూడదు.

పరీక్ష లేని ఊళ్ళో ఏం చెయ్యాలి?

"పట్నంలో ఉన్న పరీక్ష సంగతి పల్లెలో ఎందుకు?" అని ఎవరైనా అడగవచ్చు. అడగాలి కూడా.

ఆ పరీక్ష నేర్పిన పాఠం ఒకటుంది. జబ్బు లోపల ముందే మొదలవుతుంది. కాబట్టి ఒంట్లో బాగానే ఉన్నప్పుడు కూడా పరీక్ష చేయించుకోవాలి. ఉబ్బు వచ్చేదాకా, తలనొప్పి వచ్చేదాకా ఆగకూడదు.

ఊళ్ళో దొరికేవి రెండు పరీక్షలు. ఒకటి బి.పి. రెండోది మూత్రం. రెండింటికీ పైసా ఖర్చు లేదు. నర్సమ్మ దగ్గరే చేస్తారు. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులను డాక్టర్లు ఉచితంగా చూస్తారు. ఈ ఏర్పాటు 2016 నుంచి ఉంది. అడిగి చేయించుకోండి. "బి.పి. ఎంత వచ్చిందమ్మా? మూత్రంలో ఏముంది?" అని అడగండి. అది గర్భిణి హక్కు.

తొలి చూలు వాళ్ళు, కవలలు ఉన్నవాళ్ళు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. పోయిన కాన్పులో ఈ జబ్బు వచ్చినవాళ్ళు, ముందు నుంచే బి.పి., షుగరు, మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్ళు కూడా అంతే. తల్లికి గానీ అక్కచెల్లెళ్ళకు గానీ వచ్చి ఉంటే ఆ సంగతి డాక్టరుకు చెప్పాలి. సర్కారు ఇచ్చే కాల్షియం మాత్రలు పెట్టెలో దాచకూడదు. తిండిలో సున్నం తక్కువైన తల్లులకు అవి ఈ జబ్బు ముప్పును తగ్గిస్తాయి.

ఈ గుర్తులు కనపడితే ఆగకుండా ఆసుపత్రికి పోవాలి. తగ్గని తలనొప్పి. కళ్ళు మసకలు, మిణుగురులు. రొమ్ముల కింద, కుడి పక్క డొక్కలో నొప్పి. ముఖం, చేతులు ఉన్నట్టుండి ఉబ్బడం. ఊపిరి ఆడకపోవడం. బిడ్డ కదలిక తగ్గడం.

కాన్పు అయింది కదా అని నిశ్చింతగా ఉండకూడదు. కాన్పు తర్వాత కూడా బి.పి. పెరగవచ్చు. ఫిట్స్ రావచ్చు. బాలింతకు తల పోటంటే గాలి తగిలిందని చెవుల్లో దూది పెట్టి ఊరుకోవద్దు. బి.పి. చూపించండి.

పెట్టెలో పడుకున్న అంకె

ఇప్పుడు ఆ ఇంటికి మళ్ళీ వెళ్ళండి.

కోడల్ని 108లో ఎక్కించారు. నర్సమ్మ "కార్డు ఏదమ్మా?" అని అడిగింది. అత్త లోపలికి పరుగెత్తింది. ట్రంకు పెట్టెలో, పట్టుచీర మడత కింద ఉంది కార్డు. జాగ్రత్తగా దాచింది. నర్సమ్మ తెరిచి చూసింది. పది రోజుల కిందటి తేదీ ఉంది. దాని పక్కన 142 మీద 92 అని రాసి ఉంది. దాని కింద "నాలుగు రోజుల్లో మళ్ళీ రావాలి" అని రాసి ఉంది.

రమ్మన్న మాట నోటితోనూ చెప్పారు. నాట్ల పనిలో మరిచిపోయారు. గుర్తు చేయడానికి కార్డు ఉంది. కానీ ఆ ఇంట్లో దాన్ని చదివేవాళ్ళు లేరు.

ఆసుపత్రిలో ఫిట్స్ రాకుండా మందు ఇచ్చారు. రెండో రోజు ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. ఆడపిల్ల. బరువు కిలో ఏడు వందలు. మూడు వారాలు ఆసుపత్రిలోనే ఉంచారు. తల్లి రొమ్ము మీద పడుకోబెట్టి వెచ్చగా సాకారు. తల్లీ బిడ్డా ఇల్లు చేరారు.

అత్త ఆ ఏడే రాత్రి బడికి వచ్చింది. "ఈ వయసులో నీకు చదువెందుకు వదినా?" అని పక్కింటావిడ నవ్వింది.

"కార్డులో అంకె ఉంది. నేను దాన్ని చీర కింద దాచాను. ఈసారి చదవాలి" అంది అత్త.

అక్కలారా, చెల్లెళ్ళారా, మీకు ఇప్పుడు చదవడం వచ్చు. అంకెలు వచ్చు. ఇంట్లో కూతురికి గానీ కోడలికి గానీ కడుపు పండితే కార్డును పెట్టెలో పెట్టకండి. గోడకు మేకు కొట్టి తగిలించండి. ప్రతిసారీ బి.పి. అంకె చదవండి. పైది 140, కింది 90. రెండింటిలో ఏ ఒక్కటి ఆ గీతను తాకినా అదే రోజు నర్సమ్మను కలవండి. 160 గానీ 110 గానీ తాకితే 108కి ఫోను చేయండి.

మాయ తన కబురు పంపుతూనే ఉంటుంది. పట్నంలో దాన్ని రక్తంలో చదువుతున్నారు. పల్లెలో దాన్ని కార్డు మీద మీరు చదవాలి.